మొక్కగా ఉన్నప్పుడు ఎవరు చూశారు?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల విషయంలో మన పెద్దలు తరచుగా రెండు మాటలంటారు. ఏడాది నిండినా బిడ్డ కూర్చోకపోతే, ఒక చేతి పిడికిలి విప్పకపోతే, "కొందరికి ఆలస్యమే, వాళ్ళ నాయనా అంతే" అని సరిపెడతారు. అదే బిడ్డకు ఏడేళ్ళు వచ్చాక "మొక్కై వంగనిది మానై వంగునా" అని నిట్టూరుస్తారు. ఆ బిడ్డ మొక్కగా ఉన్న రోజుల్లో మనమేం చేశామన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు.

ఈ స్థితికి మూలం పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, ఆ తరువాత కొద్ది కాలానికో మెదడుకు తగిలిన దెబ్బ. చనిపోయిన కణాలు తిరిగిరావు. అయితే ఆ దెబ్బ రోజురోజుకూ పెరిగేదీ కాదు. మిగిలిన మెదడు కొత్త పని నేర్చుకోగలదు. ఈ గుణాన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటారు. పసిబిడ్డలో ఒక్కొక్క చేతికీ మెదడు రెండు అర్ధభాగాల నుంచీ నాడీమార్గాలుంటాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. పూడిపోతున్న కాలువలో నీరు పారిస్తూ ఉంటేనే కదా అది నిలిచేది! అందుకే ఒక పక్క చెయ్యి బిగిసిన పిల్లలకు, వైద్యుల పర్యవేక్షణలో, బాగున్న చేతికి రోజూ కొంతసేపు తొడుగు వేసి రెండవ చేతితో ఆడిస్తారు.

దీనికి గడువు కూడా ఉంది. కెనడాలోని ఆంటారియోలో 657 మంది పిల్లలను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కూర్చోవడం, నడవడం వంటి కదలికల్లో ఈ పిల్లలు తాము చేరగలిగిన స్థాయిలో 90 శాతాన్ని, తేలికపాటి సమస్య అయితే సుమారు 5 ఏళ్ళకు, మరీ తీవ్రమైతే 3 ఏళ్ళలోపే చేరుకుంటారు. సమస్య తీవ్రమైన కొద్దీ వ్యవధి తక్కువన్నమాట.

ఇక మన వరంగల్లు సంగతి. ఏటూరునాగారం వైపు నుంచి ఎం.జి.ఎం. ఆసుపత్రికి రావాలంటే సుమారు 100 కిలోమీటర్లు. బిడ్డను చంకనెత్తుకుని, ఆనాటి కూలి వదులుకుని తల్లి నెలకెన్నిసార్లు రాగలదు? మెదడు నేర్చుకునేది రోజూ, అనేకసార్లు చేసిన పనిని. నెలకొకసారి అరగంట వ్యాయామం చేయిస్తే చాలదు. కనుక చికిత్స ఇంటికి చేరాలి. స్నానం చేయించేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు ఏ కదలిక ఎలా చేయించాలో తల్లికి, నాయనమ్మకు, అంగన్‌వాడీ టీచరుకు నేర్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీ పిల్లలను ఏటా 2 సార్లు పరీక్షించాలని చెబుతోంది. పరీక్షించి కాగితం మీద రాసుకుంటే సరిపోదు, ఆ కాగితం వెంట ఒక మనిషి కూడా ఆ ఇంటికి వెళ్ళాలి. నెలలు నిండక పుట్టినవారిని, పుట్టగానే ఏడవనివారిని తొలి 6 నెలల్లోనే నిపుణులు జాగ్రత్తగా గమనిస్తే, చాలామందిలో ఈ స్థితిని అప్పుడే గుర్తుపట్టవచ్చు.

ఈ ఆలస్యాన్ని సొమ్ము చేసుకునేవారు మరోవైపు ఉన్నారు. మూలకణాలతో నయం చేస్తామనే ప్రకటనలు చూసి పొలం అమ్ముకునేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు దీన్ని ప్రామాణిక చికిత్సగా అంగీకరించలేదు.

మరి గడువు దాటిన పిల్లలో? వారి విషయంలో సామెత తప్పు. కదలికలో మార్పు తగ్గవచ్చు గాని నేర్చుకోవడం ఆగదు. బొమ్మల పలకతో మాట్లాడవచ్చు, చక్రాల కుర్చీలో బడికి పోవచ్చు. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య 2016 చట్టమిచ్చిన హక్కు. నడవలేని బిడ్డ చదవనూ లేదని తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారు?

ఈసారి ఎవరైనా "వాడే సర్దుకుంటాడులే" అంటే ఊరుకోకండి. ఆ బిడ్డ చేజారేది ఆ మాట విని ఊరుకున్న నెలల్లోనే.