చేపల తొట్టెలో ప్లాస్టిక్ మొక్కలు వద్దు



మన హాలులోని చేపల తొట్టెలో రెండుసార్లు మొక్కలు కుళ్లిపోయినాయి. ఇప్పుడు గ్రూపులో చాలామంది "ప్లాస్టిక్‌వి పెట్టేద్దాం, పీడ పోతుంది" అంటున్నారు. నేను ఒప్పుకోను. ప్లాస్టిక్ మొక్క చేపలు వదిలే మలినాన్ని పీల్చుకోదు. బతికిన మొక్క అమ్మోనియాను, నైట్రేట్‌ను ఎరువుగా తినేస్తుంది. నీళ్లు తేటగా ఉండేది అందుకే.

మొదట ఎంపిక సంగతి. అందరూ ముచ్చటపడే కబొంబా చూడటానికి కుచ్చులా బాగుంటుంది గానీ చాలా సుకుమారం. దానికి చల్లని, మెత్తని నీళ్లు కావాలి. మన బళ్లారి వైపు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, బోరు నీళ్లేమో గట్టివి. బకోపా అయితే తట్టుకుంటుంది. అది పరాయి మొక్కేం కాదు, మన నీరుబ్రాహ్మి. తమిళ మీడియంలో చదివిన నాకు 'నీర్‌పిరమ్మి' అంటేనే తొందరగా తెలుస్తుంది! వాటర్ విస్టీరియా కూడా మన ఉపఖండానిదే, నీరుగొబ్బికి దాయాది.

ఇక నాటడం. కట్టకు చుట్టిన సీసపు రేకు, రబ్బరు బ్యాండు తీసేయాలి. కట్టను కట్టగానే గుచ్చితే జనరల్ బోగీలో జనం మాదిరి లోపలి కాడలకు గాలీ వెలుతురూ అందవు, కుళ్లుతాయి. కింది రెండంగుళాల ఆకులు తుంచి, ఒక్కొక్క కాడను వేలెడు ఎడంతో, కాస్త ఏటవాలుగా చిమటాతో గుచ్చాలి. సన్న గులకరాయి రెండు మూడంగుళాల మందం ఉంటే కాడ పైకి తేలదు.

ముఖ్యమైన మాట: నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీటి పైన పెంచుతారు. ముంచాక పాత ఆకులు మెత్తబడి రాలతాయి. చచ్చిపోయిందని పీకొద్దు. రాలిన ఆకులు ఏరేసి రెండు మూడు వారాలు ఓపిక పడితే, కొసన నీటికి తగ్గ కొత్త ఆకులు వస్తాయి.

దీపం రోజుకు ఏడెనిమిది గంటలు చాలు, ఎక్కువైతే పాచి పడుతుంది. ఎండాకాలంలో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైనంత నీళ్లు పోస్తుండాలి.

కాడ పొడుగైతే కొస కత్తిరించి మళ్లీ నాటండి, మొదలు పక్క కొమ్మలేస్తుంది. అయితే మిగిలిన ముక్కల్ని తుంగభద్ర కాలువలోగానీ చెరువులోగానీ పారేయొద్దు. చిన్న ముక్క చాలు, వేరు తొడుగుతుంది. అందానికని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన గుర్రపుడెక్క ఈరోజు మన చెరువుల్ని ఎట్లా మింగుతోందో చూస్తూనే ఉన్నాం. కత్తిరింపులు ఎండబెట్టి కుండీలకు ఎరువుగా వేయండి.

నేను అడిగేది మూడు నెలల గడువు. వారానికొకరు వంతు వేసుకుందాం, మొదటి నెల నాది. అప్పటికీ మొక్కలు నిలవకపోతే మీ ఇష్టప్రకారమే ప్లాస్టిక్‌వి పెడదాం. వంతుకు వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.