కథను తూచే తక్కెడ

తెలుగు ఇళ్ళలో కథ చెప్పి ముగించేటప్పుడు “కథ కంచికి, మనం ఇంటికి” అనడం వాడుక. విన్నవారు నవ్వుకొనో నిట్టూర్చో నిద్రకు పోతారు. కంచికి పోయిన కథను వెనక్కు పిలిచి, అది ఎందుకు బాగున్నది, ఎక్కడ తేలిపోయింది అని అడిగేవారు తక్కువ. సరదా కథలు, అపరాధ పరిశోధక నవలలు, భయపెట్టే సీరియళ్ళు చదివినప్పుడైతే ఈ ప్రశ్న అసలే పుట్టదు. అవి కాలక్షేపానికి మాత్రమే అనే అభిప్రాయం పెద్దల్లోను, పిల్లల్లోను పాతుకుపోయింది. పెద్దలు వాటిని వద్దంటారు. పిల్లలు వాటిని చాటుగా చదువుతారు. తూచి చూసేవారు ఇద్దరిలోనూ లేరు. ఈ రెండు పద్ధతుల వల్లా నష్టమే.

ఈ నష్టం అన్నిచోట్లా ఒకే మోతాదులో ఉండదు. గుంటూరులోనో, వరంగల్లులోనో పెరిగే విద్యార్థికి తెలుగు అక్షరం అంగడి పలక మీద, బస్సు ముందు, గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది. కృష్ణగిరి జిల్లాలోని వేప్పనపల్లి విద్యార్థి సంగతి వేరు. తూర్పున కుప్పం, ఉత్తరాన కర్ణాటక, తానున్నది తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో రెండు మూడు భాషలు, కార్యాలయంలో తమిళం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07 నుంచి ఒకటో తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క పై తరగతిలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉన్న రాష్ట్రపు భాషను చక్కగా నేర్చుకోవడం ఎవరికైనా మేలే. అయితే చదువు బరువు పెరిగిన కొద్దీ ఇంటి భాషలో చదివే పుస్తకాలు తగ్గుతాయి. చివరకు తెలుగు పుస్తకమంటే పాఠ్యపుస్తకం ఒక్కటే అవుతుంది. పరీక్షతో అదీ మూతపడుతుంది. నోటి తెలుగు నిలుస్తుంది గాని, కంటి తెలుగు ఎండిపోతుంది.

ఆ ఎండిన చోటికి నీరు తెచ్చేది కథ. పాఠాన్ని పరీక్ష చదివిస్తుంది. కథను ‘తరువాత ఏమైంది’ అనే ఆత్రమే చదివిస్తుంది. కొత్త పాఠకుడు మొదటి పది పుటలు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతాడు. యాభై పుటలు దాటాక అక్షరాలు కనబడవు, మనుషులే కనబడతారు. ఈ మార్పు వ్యాకరణ సూత్రాలు వల్లించినందువల్ల రాదు, ఎక్కువ పుటలు చదివినందువల్ల వస్తుంది. ఎక్కువ పుటలు చదివించే శక్తి తేలిక కథలకే అధికం. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాసినవారుగా ప్రసిద్ధులు. ఆయన చిన్న నవలలను రైలు ప్రయాణాల్లో కొని చదివినవారు ఎందరో. అవన్నీ గొప్ప నవలలని ఎవరూ అనరు. కాని పుస్తకం జోలికి పోని మనిషి చేతికి పుస్తకం అందించడం చిన్న పని కాదు.

తెలుగు ప్రజాదరణ కథలు ఎక్కడో దూరాన పుట్టి ఇక్కడికి దిగుమతి అయినవని వేప్పనపల్లి విద్యార్థి అనుకోనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వాటికి పుట్టిల్లు మద్రాసే. చందమామ 1947 జూలైలో మద్రాసులోనే వెలువడింది. నాగిరెడ్డి, చక్రపాణి దాని స్థాపకులు. ఆ ఏడే అది తమిళ పిల్లలకు అంబులిమామగా కూడా అందింది. ఆంధ్రపత్రిక మద్రాసు నుంచే నడిచింది. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ను 1950లలో ఆ సంస్థ వారపత్రికలోనే రాశారు. బాపు బొమ్మలు వేశారు. కాబట్టి తమిళనాడులో తెలుగు కథ చదివేవాడు పరాయి వస్తువును ముట్టుకోవడం లేదు. తన రాష్ట్రంలో తయారైన వస్తువునే అందుకొంటున్నాడు.

అయితే అందిన ప్రతి పుస్తకమూ మంచిదేనా? కాదు. పూలను తూచే తక్కెడలో మామిడికాయలు తూచరు. హాస్యకథకు ఒక తూనిక, ఉత్కంఠ నవలకు మరొక తూనిక కావాలి. గంభీరమైన నవలలో ఉండే లోతు సరదా కథలో లేదని నిందించడం సరికాదు. సరదా కథలో సరదా అయినా సరిగా ఉన్నదా అని అడగడం న్యాయం.

హాస్యానికి అడగవలసిన మొదటి ప్రశ్న, నవ్వు ఎవరి మీద అన్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1920లలో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయలుదేరుతాడు. దారిలో మద్రాసులో దిగుతాడు. టోపీ కొనబోయి దొరసానులు పెట్టుకొనే టోపీ కొంటాడు. కథ చెప్పేది పార్వతీశమే కనుక, నవ్వు అతని అమాయకత్వం మీద పడుతుంది గాని మరొకరి పేదరికం మీదనో, అవిటితనం మీదనో పడదు. పైగా కొత్త ఊరికి పోయి తికమకపడిన ప్రతివాడూ అతనిలో తనను చూసుకొంటాడు. నూరేళ్ళు గడచినా ఆ నవ్వు చెడకపోవడానికి కారణం ఇదే. బుడుగు కూడా అంతే. పిల్లవాడు పెద్దల మాటలను తనకు అర్థమైనట్టు మార్చి చెబుతుంటే, పెద్దల డాబు బయటపడుతుంది. నత్తిని, నలుపును, లావును ఎగతాళి చేసి నవ్వించే కథ అప్పటికి నవ్వించినా, తరగతిలో ఒక పిల్లవాడు తలదించుకొనేలా చేస్తుంది. అటువంటి కథ తేలిక కథ కాదు, తేలిపోయిన కథ.

అపరాధ పరిశోధక నవలకు అడగవలసిన ప్రశ్న వేరు. ఇంగ్లీషులో కోనన్ డాయల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ 1887లో పాఠకుల ముందుకు వచ్చాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించి ఒక తరం పాఠకుల చేత నవలలు ఏకబిగిన చదివించారు. ఈ రకం నవల ఒక పందెం వంటిది. రచయిత ఆధారాలన్నీ పాఠకుని ముందు పెట్టాలి. పాఠకుడు వాటిని చూస్తూ కూడా పోల్చుకోలేకపోవాలి. చివరలో గుట్టు విప్పినప్పుడు “అయ్యో, ఇది అక్కడే ఉందే!” అనిపించాలి. అలాగాక చివరి అధ్యాయంలో అంతవరకు కనిపించని మనిషిని పట్టుకొచ్చి అతడే హంతకుడంటే, రచయిత పందెంలో దొంగాట ఆడినట్టే. పాఠకుడు మోసపోవడానికి ఇష్టపడతాడు గాని, అన్యాయంగా మోసపోవడానికి ఇష్టపడడు.

ఈ రెండు రకాలూ కలిసిన కథలూ ఉన్నాయి. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’లో డిటెక్టివే నవ్వు పుట్టిస్తాడు. ఆ నవలను జంధ్యాల 1986లో సినిమాగా తీశారు. తమిళంలో దేవన్ 1940లలో ఆనంద వికటన్‌లో నడిపిన శాంబు కథలు ఇటువంటివే. శాంబు బ్యాంకు గుమాస్తా. తెలివితేటల వల్ల కాక, అదృష్టం కలిసివచ్చి నేరాలు బయటపెడతాడు. రెండు భాషలూ తెలిసిన సరిహద్దు విద్యార్థి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడగలడు. ఒక్క భాషే తెలిసినవారికి లేని సౌకర్యం ఇది. రెండు భాషల మధ్య ఉండటం లోటు అని బాధపడేవారు ఈ లాభాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

భయం మీద నడిచే నవలలను మరింత జాగ్రత్తగా తూచాలి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా పాఠకులను ఉర్రూతలూగించింది. తులసి అనే పసిపిల్ల మీద చేతబడి జరగడం దానిలోని ఇతివృత్తం. కథ నడిపిన నేర్పును ఎవరూ కాదనలేరు. అయితే ఆ భయం దేని మీద నిలబడింది అనే ప్రశ్న లేచింది. రంగనాయకమ్మ ఆ నవలను తీవ్రంగా విమర్శిస్తూ ఒక పుస్తకమే రాశారు. చేతబడి చేశారనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన దారుణాలు జరిగిన దేశంలో ఈ ప్రశ్న చిన్నది కాదు. పుస్తకం మూయగానే పోయే భయం వినోదం. పుస్తకం మూశాక పొరుగింటి ముసలమ్మను అనుమానంగా చూపించే భయం వినోదం కాదు. నవల చదవవద్దని చెప్పడం కంటే, చదివినవారు ఈ తేడాను గుర్తించేలా చేయడం మంచిది. రంగనాయకమ్మ కూడా చదివే విమర్శించారు.

ఉత్కంఠ కథకు మరొక పరీక్ష రెండో చదువు. గుట్టు తెలిసిన తరువాత కూడా కథ చదవాలనిపిస్తుందా? దీనికి మంచి ఉదాహరణ హోసూరు వైపు అడవుల్లోనే ఉంది. బెంగళూరులో నివసించిన కెన్నెత్ ఆండర్సన్ తొలి వేట పుస్తకం 1954లో అచ్చయింది. తొమ్మిది నరభక్షకాలు, ఒక మదపుటేనుగు దాని విషయం. వాటిలో ఒకటి జవలగిరి ఆడపులి. అది నవల కాదు, వేటగాడు చెప్పిన తన అనుభవం. అయినా ఏ ఉత్కంఠ నవలకూ తీసిపోదు. ఆండర్సన్ మగపులి అరుపును అనుకరించి, ఆ పిలుపు విని వచ్చిన ఆడపులిని కాలుస్తాడు. పులి చస్తుందని ముందే తెలిసినా పాఠకుడు మళ్ళీ చదువుతాడు. చీకటి, చప్పుడు, అడవిదారి, ఊళ్ళ భయం అన్నీ నిజంగా తెలిసిన మనిషి చెబుతున్నాడనే నమ్మకం అతనిని నడిపిస్తుంది. జత కోసం వచ్చి చచ్చిన పులి మీద జాలి కూడా కలుగుతుంది. కన్నడంలో పూర్ణచంద్ర తేజస్వి ఆండర్సన్ కథలను తిరిగి చెప్పి ఎందరో పాఠకులకు దగ్గర చేశారు. తన ఊరికి దగ్గరి అడవి ఇంత పెద్ద కథకు చోటైందని తెలిస్తే, కథలు ఎక్కడో పట్నాల్లోనే జరుగుతాయనే భ్రమ పోతుంది.

చివరి తూనిక భాష. కొన్ని నవలల్లో పాత్రలన్నీ ఒకే రకంగా మాట్లాడతాయి. పేర్లు తీసేస్తే ఎవరు ఎవరో తెలియదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథల్లో చిత్తూరు వైపు పల్లె మాట చెవిన పడుతుంది. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో పులికాటు సరస్సు ఒడ్డు తెలుగు వినిపిస్తుంది. అవి చదివిన వేప్పనపల్లి పిల్లవాడు తన అవ్వ మాటకు దగ్గరి మాట అచ్చులో చూస్తాడు. తన ఇంటి తెలుగు తప్పు తెలుగు కాదనీ, అది కూడా కథ మోయగలదనీ అప్పుడు తెలుస్తుంది. ఈ ధైర్యాన్ని ఏ వ్యాకరణమూ ఇవ్వలేదు.

తేలిక కథలకు అలవాటుపడినవారు గొప్ప సాహిత్యం చదవరని కొందరి అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. చిరుతిండితో కడుపు నింపుకొన్నవానికి అన్నం సయించదు. కాని అసలు తినడమే మరచిపోయినవానికి ముందు ఆకలి పుట్టాలి. గంభీరమైన కథలు, నవలలు రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 వరకు చందమామను తీర్చిదిద్దారు. పిల్లల కథను ఆయన తక్కువ పని అనుకోలేదు. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఎన్నో సాహస ధారావాహికలను అక్కడే రాశారు. తేలిక కథకు, బరువైన కథకు మధ్య గోడ లేదని, మెట్లే ఉన్నాయని వారి కృషి చెబుతుంది. మెట్టు మీద కూర్చుండిపోవడం పొరపాటు. మెట్టే లేకుండా మేడ ఎక్కమనడం అంతకంటే పెద్ద పొరపాటు.

చదివిన పుస్తకం గురించి చెప్పేటప్పుడు పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. కథంతా అప్పజెప్పడం సమీక్ష కాదు. హంతకుడెవరో ముందే చెప్పేయడం తోటి పాఠకునికి చేసే ద్రోహం. “చాలా బాగుంది”, “ఏమీ బాగాలేదు” అనేవి అభిప్రాయాలే గాని, కారణం తోడైతేనే వాటికి విలువ. ఏ చోట నవ్వు వచ్చింది, ఏ చోట విసుగు పుట్టింది, ఏ పాత్ర నమ్మదగినట్టు లేదు అని పుట తెరచి చూపగలగాలి. పేరున్న రచయిత అని పొగడనక్కరలేదు, అందరూ చదువుతున్నారని తీసిపారేయనక్కరలేదు.

చందమామలో దశాబ్దాల తరబడి వచ్చిన బేతాళ కథల పద్ధతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే విక్రమార్కునికి ప్రాణాపాయం. తెలియకపోవడం అక్కడ తప్పు కాదు, తెలిసీ నోరు మెదపకపోవడమే తప్పు. కథను కంచికి పంపే ముందు, దాని మీద తనకు తోచిన మాటను కారణంతో సహా తెలుగులో చెప్పగలిగిన విద్యార్థికి పుస్తకం మిగులుతుంది, భాషా మిగులుతుంది.