రాజోలును చెడగొట్టింది దొర కాదు

కోనసీమ ఊరి పేరు ఎవరి నోటైనా వంకర తిరిగిందంటే చాలు, ఓ వాదన సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లీషువాడికి నోరు తిరగక మన పేర్లను పాడుచేశాడట. రాజోలుకు జెడ్ తగిలించి ‘రజోల్’ చేశాడట. ఆ స్పెల్లింగు మారిస్తే అంతా సర్దుకుంటుందట. వినడానికి ఆత్మగౌరవంలా ఉంటుంది. విచారిస్తే నిలబడదు.

ముందు ఆ జెడ్ సంగతి తేలుద్దాం. రాజోలు బస్సులో పక్కవాళ్ళు ఆ పేరు ఎలా అంటున్నారో చెవి పెట్టి వినండి. అది ‘జలం’లోని జ కాదు, ‘జడ’లోని జ. నాలుక కొస పళ్ళకు తగిలి వచ్చే దంత్య జకారం. చిన్నయసూరి బాలవ్యాకరణం తాలవ్య చజలను, దంత్య చజలను వేర్వేరుగా లెక్కపెట్టింది. సి.పి. బ్రౌను తన నిఘంటువులో దంత్యాలకు ప్రత్యేకంగా గుర్తు పెట్టాడు. తరవాత మన అచ్చు పుస్తకాలే ఆ గుర్తును వదిలేశాయి. ఇంగ్లీషు లిపిలో ఆ ధ్వనికి దగ్గరగా దొరికేది జెడ్. అందుకే రాజాంకూ బెజవాడకూ, ఆఖరికి రాజుగారి పేరులోని ‘రాజు’కూ దొరలు జెడ్డే వాడారు. ఇక చివరి ఉకారం అంటారా? ‘రాజోలెళ్ళొచ్చాను’ అన్నప్పుడు మనమూ దాన్ని మింగేస్తాం. అంటే ఆ స్పెల్లింగు రాసిన గుమాస్తా ఎవరోగానీ చెవి ఉన్నవాడే. అక్కడి జనం అన్నది విని రాసుకున్నాడు. జెడ్ తీసి జే పెడితే రాజోలువాళ్ళు పలికే ధ్వని దగ్గరవదు, మరింత దూరమవుతుంది.

రెండో మాట: స్పెల్లింగు మార్పు మందు కాదు. కొత్తపేటను టీహెచ్ పెట్టి రాయడం మన అలవాటే. ‘త’కు టీహెచ్, ‘ట’కు టీ అన్నది మన లెక్క. హిందీవాళ్ళకు టీహెచ్ అంటే ‘థ’. కాబట్టి వాళ్ళ నోట అది ‘కోథాపేటా’ అయితే వాళ్ళ తప్పూ కాదు, దొర తప్పూ కాదు. అమలాపురంలో ‘లా’ దీర్ఘమని ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఎవరికీ చెప్పదు. అందుకే ఒకరు ‘అమలపురం’ అంటారు, ఇంకొకరు ‘అమల్‌పురం’ అంటారు. ఓడలరేవును ‘ఒడలరేవు’ అని చదివేవాళ్ళకూ వచ్చిన చిక్కు ఇదే. హ్రస్వదీర్ఘాలకు, త-ట తేడాకు చోటులేని లిపిలో ఏ అక్షరం మార్చినా ఒరిగేదేమీ లేదు.

దొరలు అన్నీ సరిగ్గా రాశారని నేననడం లేదు. కాకినాడను ‘కొకనాడ’గా, కడపను ‘కుడప్పా’గా రాశారు. కడప స్పెల్లింగును 2005లో సరిచేసుకున్నాం, మంచిదే. కాకినాడ టౌన్ స్టేషన్‌కు రైల్వే కోడ్ నేటికీ సీసీటీ, బెజవాడకు బీజెడ్ఏ. అయితే ఆ రాతలవల్ల కాకినాడవాళ్ళ నోరు మారిందా? యానాంను 1954 దాకా ఏలిన ఫ్రెంచివాళ్ళు తమ కాగితాల్లో ‘యనావోన్’ అనే రాసుకున్నారు. ఊరు మాత్రం యానాంగానే మిగిలింది. నరసాపురం పక్క మాధవాయపాలెం పేరు ‘మడపోలం’ అనే నూలుగుడ్డ పేరై దేశదేశాలు తిరిగినా, ఊళ్ళో ఎవరూ తమ ఊరిని అలా పిలవలేదు. పరాయివాడు తన నోటికి అందినట్టు పలికితే ఊరికి నష్టం లేదు.

నష్టమెక్కడంటే, ఆ పరాయి రాతను మనమే మళ్ళీ తెలుగులోకి దించుకున్నప్పుడు. కోరంగినే చూడండి. గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టిన రేవు. 1839 తుఫానుకు ధ్వంసమైంది. రంగూన్ రేవులో బరువులు మోసిన తెలుగువాళ్ళందరినీ ఆ ఊరి పేరుతోనే ‘కోరంగీలు’ అన్నారు. బర్మాలో సైతం నిలిచిన ఆ ‘రంగి’, 1978లో ఏర్పడిన మడ అడవుల అభయారణ్యం దగ్గరికి వచ్చేసరికి తెలుగు పత్రికల్లోనే ‘కోరింగ’ అయింది. ఈ పని చేసింది తెలుగు చదవడం వచ్చిన తెలుగువాళ్ళు. ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని, పక్కనే ఉన్న ఊరిని అడగకుండా అక్షరం వెంట అక్షరం దించుకున్నారు. హైదరాబాద్ టీవీ స్టూడియోలో ‘రజోల్’ పుట్టేదీ ఇలాగే.

ఇంకో వర్గం ఉంది: స్థానికుల పలుకుబడే అపభ్రంశం, గ్రంథాల్లోని పూర్తి పేరే ఒప్పు అంటారు. 2015లో రాజమండ్రిని అధికారికంగా రాజమహేంద్రవరం చేశారు. బోర్డులు మారాయి. రావులపాలెంలో బస్సు కోసం నిలబడినవాళ్ళు ఇప్పటికీ రాజమండ్రే వెళుతున్నారు. ఊరి పేరుకు ప్రమాణం ఆ ఊళ్ళో రోజూ దాన్ని పలికేవాళ్ళు. శాసనమూ జీవోలూ వాళ్ళ తరవాతే.

కాబట్టి స్పెల్లింగు ఉద్యమాలు కట్టిపెట్టి, చేయగలిగింది చేద్దాం. వార్త చదివేవారి తెర మీద ఊరి పేరు తెలుగు లిపిలో ఉండాలి. ఫోన్లో దారి చెప్పే గొంతు తెలుగు రాతనుంచి చదవాలి. అనుమానం వస్తే అమలాపురం విలేఖరికి ఒక్క ఫోను కొట్టాలి. అది చేయకుండా, ఎప్పుడో వెళ్ళిపోయిన దొర మీద నెపం వేస్తే తప్పు పలికేవాళ్ళకు సాకు దొరుకుతుంది, అంతే.