లివర్ కాన్సర్: గొట్టం చికిత్స తర్వాత

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. లివర్‌లో కాన్సర్ గడ్డ ఉందని తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మందు ఇచ్చారు. ఇంటికి వచ్చాక మూడు రోజులు జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వాంతులు. పక్కింటివారిచ్చిన నొప్పి బిళ్లలు వేశాం. తగ్గాయి. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. ఆయనకి క్రియాటినిన్ 1.9 ఉంది. తీసుకెళ్ళవచ్చా?
– ఒక సోదరి, మూలపేట

జవాబు: లివర్‌కు రక్తం రెండు దారుల్లో వస్తుంది. మంచి భాగానికి ఎక్కువ రక్తం పేగుల వైపు నుంచి వచ్చే సిర తెస్తుంది. గడ్డకు మాత్రం ముఖ్యంగా ధమని తెస్తుంది. ఆ ధమనిలోకి మందు పంపి దారి మూస్తే గడ్డలోని కణాలు చస్తాయి. మీరు రాసిన బాధలు సాధారణంగా అందువల్ల వచ్చేవే. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుతాయి. కాన్సర్ ముదిరిందని భయపడనక్కరలేదు.

నన్ను ఆలోచింపజేసింది మీ చివరి మాట. ఈ చికిత్సలో రక్తనాళాలు కనబడడానికి అయోడిన్ ఉన్న మందు ఎక్కిస్తారు. దెబ్బతిన్న మూత్రపిండాలకు అది భారం. ఉద్దానం ప్రాంతం వారికి ఈ జబ్బు సంగతి నేను చెప్పనక్కరలేదు. కనుక ఈసారి వెళ్ళేముందే క్రియాటినిన్ కాగితం కాన్సర్ డాక్టరుగారి చేతిలో పెట్టండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలోనూ చూపించండి. చికిత్స చేయవచ్చా, మందు ఎంత తగ్గించాలి, సెలైన్ కావాలా అన్నది వారు నిర్ణయిస్తారు. మానేయడం మీరుగా నిర్ణయించకండి. చికిత్స అయిన రెండు మూడు రోజులకు క్రియాటినిన్ మళ్ళీ చూడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

పక్కింటి బిళ్లలు ఇక వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఇటు మూత్రపిండాలకూ, అటు జబ్బు చేసిన లివర్‌కూ చేటు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

ఈ గుర్తులు కనబడితే తెల్లవారేదాకా ఆగకండి: చలితో వణికించే జ్వరం, తగ్గినట్టే తగ్గి తిరిగివచ్చే జ్వరం, కళ్ళు పచ్చబడడం, పొట్ట ఉబ్బడం, మాట తడబడడం, మగత, మూత్రం తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, గొట్టం పెట్టిన చోట రక్తం కారడం, ఆ కాలు చల్లబడడం. ముందు దగ్గరలోని టెక్కలి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. అక్కడి డాక్టరుకు మొదట కావలసింది అదే.