మైకు ముందు నియమం

తాళానికి తగ్గట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పే ర్యాప్ అనగానే, "అవి బూతుపాటలు కదా!" అంటాం మనం. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరపు దక్షిణాన, నల్లజాతి కుటుంబాల పేటలో గుడ్ లైఫ్ అనే చిన్న కేఫ్ ఉండేది. 1989 చివర బి. హాల్ అనే తల్లి, కుమారునితో కలిసి, గురువారం రాత్రులు అక్కడ యువకులకు మైకు అప్పగించారు. నియమం పెట్టారు: బూతుమాట దొర్లకూడదు. పాట తేలిపోతే, మైకు మరొకరికి ఇమ్మని శ్రోతలే కేకవేసేవారు. తిట్టు దొరకనిచోట పిల్లలు మాట వెతుక్కున్నారు. ఫ్రీస్టైల్ ఫెలోషిప్, జురాసిక్ ఫైవ్ బృందాలు అక్కడే ఎదిగాయి. అక్కడ పాడిన ఏవా డువెర్నే 2008లో ఆ కేఫ్ కథను డాక్యుమెంటరీగా తీశారు. మనమూ పిల్లల నోరు మూయిస్తున్నామా, నియమం చెప్పి మైకు ఇస్తున్నామా? ఆలోచిద్దాం.