కారు మైలేజీ లెక్క కూడా మన పుస్తకంలోనే ఉండాలి

గ్యాస్ బండ మార్చిన రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోని ఇల్లాలు మా వైపు అరుదు. నలభై రోజులు రావాల్సిన బండ ఇరవై ఎనిమిది రోజులకే అయిపోయిందనుకోండి. "ఈమధ్య గ్యాస్ సరిగ్గా రావడం లేదు" అని ఊరుకుంటామా? చుట్టాలొచ్చి నాలుగు రోజులున్నారా, పండక్కి పిండివంటలు చేశామా, బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి మంట పసుపుగా వస్తోందా, ట్యూబు దగ్గర వాసన వస్తోందా అని ఒక్కొక్కటే చూస్తాం. కారణం దొరికేదాకా వదలం.

అదే వాకిట్లో నిలబడిన పాత కారు ఉన్నట్టుండి పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెడితే, అది మన విషయం కాదనుకుంటాం. మగవాళ్లు చూసుకుంటారు, మెకానిక్ చూసుకుంటాడు అంటాం. నేనేమో కారు మైలేజీ లెక్క ఇల్లాలి పుస్తకంలోనే ఉండాలంటాను. బండి నడపడం వచ్చినా రాకపోయినా సరే.

ఎందుకంటారా? ఇంట్లో కారణం తేలని ఖర్చు పెరిగితే మొదట కోత పడేది ఎక్కడో మనందరికీ తెలుసు. ఆఫీసుకు వెళ్లడం ఆగదు. పిల్లల ట్యూషన్ ఆగదు. ఆగేది మన ప్రయాణం. మేముండేది తిరుపతిలో, అమ్మ ఉండేది చిత్తూరులో. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా పోతే సుమారు డెబ్బై కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు పోయొస్తాం. పోయిన ఏడాది మా కారు మైలేజీ పడిపోయినప్పుడు ఇంట్లో వినిపించిన మొదటి మాట, "ఈ నెల చిత్తూరు ఒక్కసారి చాలు కదా" అని. రెండో మాట, "పాత బండి, అమ్మేద్దాం" అని. ఎందుకు పడిపోయిందన్న ప్రశ్న మూడోదిగా కూడా రాలేదు.

లెక్క చెప్తాను. మాది 2012 మోడల్ చిన్న పెట్రోలు కారు. ఊళ్లో తిరుగుడు, చిత్తూరు రాకపోకలు కలిపి లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చేది. అది 11.5కు దిగింది. నెలకు 700 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇది 14 లీటర్ల తేడా. మన ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. అందుకే చిత్తూరు వాళ్లు వేలూరు వైపు పోయినా, ములబాగల్ వైపు పోయినా సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకుంటారు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా 14 లీటర్లకు 1,540 రూపాయలు. నెలనెలా.

మావారు తీసుకెళ్లిన షెడ్డులో సమాధానం రెండు నిమిషాల్లో వచ్చేసింది. "ఈ20 పెట్రోలు వచ్చిందన్నా, అన్ని బండ్లూ ఇంతే. ఇంజెక్టర్లు క్లీన్ చేయిస్తే రవంత మేలు." దానికి మూడు వేలు. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్న మాట నిజం. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20ని లాంఛనంగా మొదలుపెట్టారు, 2025కల్లా దేశమంతా బంకుల్లో అదే మామూలైపోయింది. మైలేజీ తగ్గుతుందన్నదీ నిజమే. అయితే ఎంత తగ్గుతుంది? పప్పులో ఉప్పెంతో చూసినట్టు దీన్నీ చూడొచ్చు.

లీటరు ఈ20లో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్ శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. అంటే ఆ ఐదో వంతులో మూడో వంతు శక్తి పోయింది. మొత్తం మీద పదిహేనో వంతు. లీటరుకు 15 ఇచ్చే బండి 14 ఇవ్వాలి. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా పాత రకం కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని అంచనా వేసింది. రెండు లెక్కలూ ఒక్కచోటికే వచ్చాయి. మాకు పోయింది మూడున్నర కిలోమీటర్లు. అందులో ఇథనాల్ ఖాతాకు ఎక్కువలో ఎక్కువ ఒకటి రాయొచ్చు. మిగతా రెండున్నర ఎవరి ఖాతా?

ఇక్కడే పుస్తకం పనికొచ్చింది. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో పెట్రోలు లెక్క రాయడం నాకు అలవాటు. తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, అంతే. ఆ పేజీలు తిరగేస్తే రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, కొన్నేళ్లుగా మెల్లిగా వచ్చిన చిన్న తగ్గుదల. రెండోది, రెండు ట్యాంకుల మధ్య ధబీమని పడిన పెద్ద తగ్గుదల. బంకు మారలేదు, పెట్రోలు మారలేదు, తిరిగిన దారులూ మారలేదు. మెల్లిగా తగ్గితే వయసు, అరుగుదల, ఇంధనం అనుకోవచ్చు. ఒక్కసారిగా తగ్గిందంటే ఏదో ఒక భాగం ఆ వారంలో చెడిందని అర్థం. మనిషి ఒంట్లో బరువు తగ్గినా డాక్టరు అడిగేది ఇదే కదా, ఎన్నాళ్లుగా తగ్గుతున్నారమ్మా అని.

పాత కారులో ఇలా ఉన్నట్టుండి మైలేజీ పడడానికి కారణాలు మరీ ఎక్కువేం లేవు. చాలామంది మొదట ఎయిర్ ఫిల్టరు మారుస్తారు. ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఫిల్టరు మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబొరేటరీ 2009లో పరీక్షించి తేల్చింది. కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి సలహా ఇంకా నడుస్తోందంతే. ఆక్సిజన్ సెన్సారు చెడితే మాత్రం దెబ్బ గట్టిగానే ఉంటుంది. ఎంత పెట్రోలు పోయాలో ఇంజన్‌కు తెలియక ఎక్కువ పోసేస్తుంది. డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగితే దాన్ని పట్టించుకోమనేది అందుకే. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, చలిగా ఉన్నప్పుడు పోసినంత పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఎంతదూరం పోయినా వేడి ముల్లు కిందే ఉండడం దాని గుర్తు. క్లచ్ అరిగితే యాక్సిలరేటర్ తొక్కినా శబ్దం పెరుగుతుంది గానీ బండి కదలదు. టైర్లలో గాలి తగ్గినా మైలేజీ తగ్గుతుంది, కానీ అది కొంచెమే. మే నెల ఎండలో ఊళ్లో చిన్నచిన్న దూరాలకు ఏసీ వేసుకుని తిరిగితే పావు వంతు దాకా పోవచ్చు. అది జబ్బు కాదు, వాడకం.

ఆఖరిది, అన్నిటికంటే భయపడాల్సింది, బ్రేకు పట్టేయడం. పెడల్ మీద కాలు తీసినా చక్రాన్ని బ్రేకు వదలదు. కాలికి బండరాయి కట్టుకుని నడిచినట్టుంటుంది బండి.

మా కారుకు అయింది అదే. దాన్ని కనిపెట్టడానికి మిషన్లేమీ అక్కర్లేకపోయింది. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, బ్రేకు ఎక్కువ వాడకుండా తిరుచానూరు దాకా పోయొచ్చి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాం. తాకలేదు, దగ్గరగా పెట్టామంతే. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉంటే ముందు ఎడమ చక్రం పెనంలా కాలుతోంది. ఇంకో షెడ్డుకు తీసుకెళ్లి ఆ చక్రం పేరు చెప్పాం. ఆ అబ్బాయి విప్పి చూసి, "కాలిపర్ పిన్ను తుప్పుపట్టి జామైపోయిందక్కా, ప్యాడ్ ఒకవైపు మొత్తం అరిగిపోయింది" అన్నాడు. శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేసినా రెండు వేలు దాటలేదు. ఆ తర్వాత మూడు ట్యాంకులకు 13.6, 13.9, 13.7 వచ్చాయి. ఇథనాల్ ఖాతా, బండి వయసు ఖాతా అక్కడ సరిపోయాయి.

డబ్బు సంగతి అలా ఉంచండి. తిరుపతిలో ఉండేవాళ్లకు చుట్టం వస్తే కొండకు తీసుకెళ్లాలి. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,200 కిలోల బండిని అంత ఎత్తుకు చేర్చడానికే లీటరు దాకా అదనంగా పెట్రోలు పడుతుంది. అందుకే కొండకు పోయొచ్చిన వారం మైలేజీ చూసి కంగారు పడకూడదు. అసలు భయం దిగేటప్పుడు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో కిందికి దిగుతుంటే మామూలు బ్రేకులే వేడెక్కుతాయి. ముందే పట్టేసి కాలుతున్న బ్రేకుతో దిగితే ఫ్లూయిడ్ మరిగి, పెడల్ తొక్కినా లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. "పెట్రోలు అంతే, అందరికీ అంతే" అని ఊరుకుని ఉంటే ఆ చక్రంతోనే పిల్లల్నీ అత్తమ్మనీ కొండకు తీసుకెళ్లేవాళ్లం. మైలేజీ తగ్గడం ఒక్కోసారి జ్వరం లాంటిది. జ్వరమే జబ్బు కాదు, లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు.

అయితే లెక్క సరిగ్గా రావాలంటే పద్ధతి ఉంది. ఐదొందలకు, వెయ్యికి పోయిస్తే ఎప్పటికీ తేలదు. ఫుల్ ట్యాంకు, పంపు దానంతటది ఆగేదాకా పోయించి మీటరు రాసుకోవాలి. మళ్లీ నింపేటప్పుడు అదే బంకులో అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెప్తుంది గానీ, మైలేజీ చెప్పడానికి మూడు ట్యాంకులు కావాలి. పక్కన ఒక్క అక్షరం రాసుకుంటే ఇంకా మేలు. ఊరికి "ఊ", కొండకు "కొ", చిత్తూరుకు "చి". నెలకోసారి పొద్దున్నే, బండి తీయకముందు గాలి చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. ఘాట్‌లో పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లుంటే ఆపండి. గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ బండి పెట్రోలు దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆడడానికి పెట్రోలు కావాలి, పైగా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇదంతా చెప్పి ఇథనాల్‌ను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. నాకు కోపం ఉంది. పాత బండ్లున్న ఇళ్లకు ఇథనాల్ తక్కువున్న పెట్రోలు కూడా మామూలు ధరకు దొరకాలి. శక్తి పదిహేనో వంతు తగ్గినప్పుడు ధర ఎందుకు తగ్గలేదో ఎవరైనా చెప్పాలి. ఈ ఎంపిక కావాలంటూ వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు కొట్టేసినంత మాత్రాన వాకిట్లో బండి ఉన్నవాళ్లు అడగడం మానక్కర్లేదు. కానీ అడిగేటప్పుడు మన చేతిలో సరైన అంకె ఉండాలి. మూడున్నర కిలోమీటర్లు పోయాయని అరిస్తే నవ్వి పంపేస్తారు. ఒక కిలోమీటరు పోయింది, ఇదిగో రెండేళ్ల పుస్తకం అంటే నవ్వలేరు. మిగతా రెండున్నర మన చక్రంలోనే ఉందని తెలిస్తే దాన్ని మనమే బాగుచేయించుకుంటాం.

కాబట్టి ఈసారి ఇంట్లో "పెట్రోలు ఖర్చు పెరిగింది, ఊరికి తర్వాత పోదాంలే" అన్న మాట వస్తే, సరేనని సంచి లోపల పెట్టేయకండి. ఎంత పెరిగింది, ఎప్పటినుంచి పెరిగింది అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఇంట్లో ఎవరి దగ్గరా లేకపోతే, మీ పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి తేదీ వేయండి.