నాటకానికి ఒక సాయంకాలం కావాలి

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. మనకు నచ్చిన నవలా రచయిత్రులు ఎవరని అడిగితే ఏం చెబుతాం? మాలతీ చందూర్, రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, వాసిరెడ్డి సీతాదేవి, మాదిరెడ్డి సులోచన... వేళ్లు చాలవు. సరే, నాటకాలు రాసిన తెలుగు ఆడవాళ్ల పేర్లు చెప్పండి. ఏం, ఆగిపోయారేం?

నాటకం చూడ్డానికి మనం వెళతాం. వేదిక మీద నటించే ఆడవాళ్లూ ఉన్నారు. రాసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికే ఒకటి, రెండు పేర్ల తర్వాత నోరు పెగలదు.

'ఆడవాళ్లకి నాటకం రాయడం చేతకాదేమో' అని తేల్చేసేవాళ్లున్నారు. నాటకమంటే ముందు మాటలే కదా! అత్తగారికి కోపం రాకుండా, ఆడపడుచు నొచ్చుకోకుండా, ఆయనకి మాత్రం అసలు సంగతి తగిలేలా ఒక్క మాటతో మూడు పనులు చక్కబెట్టే మనకి సంభాషణ రాయడం రాదంటే నమ్మేదెవరు? చరిత్ర చూసినా ఆ మాట నిలవదు. 17వ శతాబ్దంలోనే తంజావూరులో, విజయరాఘవ నాయకుడి ఆస్థానంలో రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' అనే యక్షగానం రాసింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. బయట మాత్రం చాలాకాలం మగవాళ్లే చీర కట్టారు. సత్యభామగా, మధురవాణిగా జనాన్ని మురిపించిన స్థానం నరసింహారావు గారు 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గొప్పతనం ఆయనదే. కానీ మన వేషం కూడా మనకి దక్కని కాలంలో కలం ఎలా దక్కుతుంది?

మరి వేషం దక్కాక కూడా కలం ఎందుకు రాలేదు? నేననుకోవడం, తేడా వచ్చింది సాయంకాలం దగ్గర.

నవలకి ఓ కలం, కాసిని కాగితాలు, ఇల్లు సద్దుమణిగాక ఓ గంట చాలు. గడప దాటకుండానే రాసి పోస్టులో వేయొచ్చు. నాటకం అలా కుదరదు. రాసింది నలుగురి చేత చదివించాలి. నోటికి పట్టని మాట మార్చాలి. రిహార్సల్స్‌లో కూర్చుని, నటి ఎక్కడ తడబడుతోందో, చూసేవాళ్లు ఎక్కడ ఆవులిస్తారో కనిపెట్టాలి. ఇవన్నీ జరిగేది ఎప్పుడు? ఆఫీసులు వదిలాక, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా. సరిగ్గా అప్పుడే పిల్లల హోంవర్కు, రాత్రి వంట, రేపటి ఇడ్లీకి రుబ్బు. మనకి కొరత ప్రతిభ కాదండీ, సాయంకాలం.

విశాఖపట్నం లాంటి ఊళ్లో ఈ లెక్క ఇంకా చిక్కు. ఉక్కు కర్మాగారంలోనూ, పోర్టులోనూ షిఫ్టులు. ఆయన మధ్యాహ్నం షిఫ్టుకి వెళితే రాత్రి పొద్దుపోయాక అన్నం వేడి చెయ్యాలి. రాత్రి షిఫ్టయితే పగలు ఇంట్లో చప్పుడు కాకూడదు. ఆవిడే ఉద్యోగస్తురాలైతే ఇంటికొచ్చాక రెండో షిఫ్టు ఎలాగూ ఉంది.

అలాగని ఈ ఊరికి నాటకం కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా పనిచేసిన కె.వి. గోపాలస్వామి గారు విద్యార్థుల నాటకాలని చెయ్యిపట్టుకు నడిపించారు. 'నిజం' నాటకం రాసిన రావిశాస్త్రి గారు ఈ ఊరివారే. పక్కనున్న విజయనగరంలో 1892లోనే 'కన్యాశుల్కం' ఆడారు. కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. వేదికలున్నాయి, చూసే అలవాటూ ఉంది. ఆడవాళ్లు రాసిన నాటకాలే ఓ మూడు రోజులు ఆడే పండగ ఇక్కడెందుకు జరగకూడదు?

'మంచి నాటకం ఎవరు రాస్తే ఏం? గురజాడ రాయలేదా మన కష్టాలు?' అని అడుగుతారు. నిజమే, రాశారు. వరకట్నం మీద కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' కూడా గొప్ప నాటకమే. అయినా కొన్ని సంగతులు వంటింట్లో నిలబడి చూసినవాళ్లకే కనిపిస్తాయి. అమెరికాలో సూసన్ గ్లాస్పెల్ అనే ఆవిడ 1916లో 'ట్రైఫిల్స్' అని ఓ చిన్న నాటకం రాసింది. అల్ప విషయాలు అని ఆ పేరుకి అర్థం. ఓ రైతు హత్యకి గురవుతాడు. అనుమానం భార్య మీద. సాక్ష్యం కోసం మగవాళ్లు ఇల్లంతా గాలిస్తారు, వంటగదిని మాత్రం 'అక్కడేముంటుంది' అని నవ్వి వదిలేస్తారు. అక్కడే నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు, బొంతలో చిందరవందరగా పడ్డ కుట్లు, విరిగిన పంజరం, మెడ విరిచేసిన పిట్టని చూసి ఆ ఇల్లాలి బతుకంతా చదివేస్తారు. ఆ నాటకాన్ని మొదట ఆడింది పెద్ద హాల్లో కాదు, రేవులో చేపల వ్యాపారానికి వాడిన ఓ పాత షెడ్డులో. రేవు మనకీ ఉంది కదా!

అంత దూరం వద్దంటే కేరళ చూడండి. 1948లో నంబూద్రి కుటుంబాల ఆడవాళ్లు కొందరు కలిసి కూర్చుని 'తొళిల్ కేంద్రత్తిలేక్కు' అనే నాటకం రాశారు. పనిచేసే చోటికి పోదాం పదండి అని దాని సారాంశం. మగ వేషాలు కూడా వాళ్లే వేశారు. అంతకుముందు ఘోషాలో బతికినవాళ్లు వాళ్లు. మన తెలుగులోనూ వినోదిని నీళ్ల చుట్టూ అల్లుకున్న అంటరానితనం మీద 'దాహం' నాటకం రాశారు. ఓల్గా 'వాళ్లు ఆరుగురు' నాటకంలో గురజాడ, చలం సృష్టించిన స్త్రీలని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. కలం చేతికొస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇవి చాలు.

విశాఖలో రాయడానికి కథలకేం కరువు? 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అంటూ జనం రోడ్డెక్కినప్పుడు కాల్పుల్లో 32 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల సంగతేమిటి? ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసినప్పుడు పొయ్యి రాళ్లు మోసుకెళ్లిందెవరు? 2021లో ప్లాంటుని ప్రైవేటుపరం చేస్తామన్నప్పుడు క్వార్టర్సులో ఏ మాటలు నడిచాయి? తెల్లవారకుండా హార్బరులో చేపలు పాడి, గంపకెత్తుకుని వీధి వీధీ తిరిగే ఆవిడ నోట ఎంత నాటకముంది! అది మన ఉత్తరాంధ్ర మాటలోనే వినిపించాలి, పుస్తకాల భాషలో కాదు.

ఇంకో సంగతి. నాటిక పోటీలకి తిరిగే సమాజాలకి నటిని పిలిపించాలంటే ఖర్చు. ప్రయాణం, బస, పారితోషికం అన్నీ చూసుకోవాలి. అందుకే ఒకటో రెండో ఆడపాత్రలుండే స్క్రిప్టులకే గిరాకీ. తల్లీ కూతుళ్లు, తోడికోడళ్లు, ఇరుగు పొరుగు కలిసి మాట్లాడుకునే సీను అసలు పుట్టదు. ఉన్న ఒక్క పాత్రా ఏడవడానికో, ఏడిపించడానికో! ఈ పండగలో మాత్రం లెక్క తిరగబడాలి.

ఎలా చెయ్యాలంటే, పెద్ద ఖర్చక్కర్లేదు. ఉక్కునగరంలో, సాలిగ్రామపురం పోర్టు క్వార్టర్సులో, గాజువాకలో, పెదజాలరిపేటలో ఆరేడుగురు కలిసి ముందు చదువుకోవడం మొదలుపెట్టాలి. అక్షరం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాసుకోవాలి. నాటిక అరగంటకి మించక్కర్లేదు. రిహార్సల్స్ ఆదివారం పగలు పెట్టుకోవాలి. పిల్లల్ని చూసుకునే మనిషి, రాత్రి అందరినీ ఇంటికి చేర్చే బండి బడ్జెట్లో మొదటి పద్దులు కావాలి. తెరలు, లైట్ల కంటే ముందు ఇవే! మార్చి 8న ఓ శాలువా కప్పి పంపించే తంతుగా మాత్రం మార్చకండి. వరకట్నం మీదే రాయాలని విషయాలూ ఇవ్వకండి. నవ్వించాలని ఉన్నవాళ్లని నవ్వించనివ్వండి.

ఇంట్లో మగవాళ్లకీ ఓ మాట. 'రాయి, నేను వద్దన్నానా' అంటే సరిపోదు. వారానికి ఒక్క సాయంకాలం కుక్కరు మీరు పెట్టండి, లెక్కలు మీరు చెప్పించండి. మన ఇళ్లలో మూగగా నడుస్తున్న నాటకాలకి మాటలు రావాలంటే ఆ సాయంకాలం దొరకాలి. అది ఎవరి చేతిలో ఉందో, ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి.